లో-ప్రెషర్ అంటే ప్రతిచోటా అల్పపీడనమేనా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. మీరు ఒక పరికరానికి వాడకం పుస్తకం తెలుగులో రాస్తున్నారు. అందులో గ్యాస్ రెగ్యులేటర్ గురించి 'లో-ప్రెషర్' అని వచ్చింది. నిఘంటువు తీస్తే 'అల్పపీడనం' అని ఉంది. 'అల్పపీడన రెగ్యులేటర్' అని రాస్తే చదివేవాళ్లు వాన కబురు అనుకుంటారేమోనని ఆగిపోయారు. ఈలోగా అదే మాట టైరు హెచ్చరికలో, దీపాల వివరాల్లో, చివరికి ఒక ఉద్యోగ ప్రకటనలో కూడా కనిపించింది. దీని అసలు అర్థం ఏంటి, ఎక్కడ ఏ తెలుగు మాట వాడాలి, లో-ప్రెషర్ అని రాసి ఉంటే ప్రమాదం లేనట్టేనా అని అడిగారు.

నేను 28 ఏళ్లు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేశాను. ప్రెషర్ గేజ్‌లు విప్పడం, సరిచూడటం, తిరిగి బిగించడం నా రోజువారీ పని. మీ మూడో ప్రశ్న చదివాక ఇంత వివరంగా రాయాలనిపించింది. 'లో' అనే ఒక్క అక్షరాన్ని చూసి ధైర్యపడినవాళ్ల వల్ల ఎంత నష్టం జరుగుతుందో దగ్గర నుంచి చూశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు అర్థం. 'తక్కువ' అనే మాట ఒంటరిగా నిలబడదు. ఒక మనిషి పొట్టి అంటే ఎవరి పక్కన నిలబెట్టి చూశాం అన్నది వెంటనే వస్తుంది కదా, ఇదీ అంతే. లారీ టైరులో 2 బార్ల గాలి ఉంటే (బార్ అంటే ఒత్తిడి కొలత, మన చుట్టూ ఉన్న గాలి నొక్కేది దాదాపు ఒక బార్) చాలా తక్కువ, బండి కదపకూడదు. అదే 2 బార్లు వంటగ్యాస్ పొయ్యికి వెళ్లే గొట్టంలో ఉంటే, ఆ పొయ్యి తట్టుకోవాల్సిన దానికి అరవై రెట్లకు పైగా ఎక్కువ. అంకె ఒక్కటే, ఒకచోట లో-ప్రెషర్, ఇంకోచోట భయంకరమైన హై-ప్రెషర్. కాబట్టి ఈ మాట కనిపించినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోండి. దేనికంటే తక్కువ? సున్నాను ఎక్కడ పెట్టుకుని కొలిచారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ తెలుగు మాట వాడాలో దానంతట అదే తేలుతుంది.

మన భాషలో దీనికి ఒకటి కాదు, మూడు మాటలున్నాయి. పీడనం, ఒత్తిడి, పోటు. పీడనం సంస్కృతం నుంచి వచ్చింది, నొక్కడం, పిండటం అని దాని మూలార్థం. పుస్తకాల్లో, వాతావరణ వార్తల్లో అదే స్థిరపడింది. మామూలు మాటల్లో మాత్రం 'పీడ' అంటే బాధ. 'పీడ వదిలింది' అంటాం. అందుకే పీడనం అనే మాటను ఇంట్లో వాడే వస్తువు మీద రాస్తే చదివేవాడికి కాస్త ఎడంగా అనిపిస్తుంది. ఒత్తిడి మన సొంత మాట, ఒత్తడం నుంచి వచ్చింది. గొట్టానికీ సరిపోతుంది, మనసుకీ సరిపోతుంది. ఇక పోటు అంటే ఎగదన్నుకుని వచ్చేది. సముద్రానికి ఆటుపోట్లు, తలపోటు, రక్తపోటు. రక్తపోటు అన్న మాట నాకు చాలా ఇష్టం. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం అలలాగా ఎగదన్నడం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇప్పుడు వాతావరణం సంగతి. తెలుగువాళ్లకు 'లో-ప్రెషర్' అనగానే గుర్తొచ్చేది ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1644లో ఒక ఉత్తరంలో రాశాడు. పాదరసంతో నింపిన గాజు గొట్టాన్ని తలకిందులుగా పెట్టి, గాలికి బరువుందని చూపించినవాడు ఆయనే. ఆ పాదరసం సముద్ర మట్టం దగ్గర దాదాపు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. నేటి లెక్కలో అది 1013.25 హెక్టోపాస్కల్స్ (వెయ్యి హెక్టోపాస్కల్స్ ఒక బార్). అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు. మీ అరచేతి మీద దాదాపు వంద కిలోలు. కింద నుంచి కూడా అంతే ఒత్తిడి ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. 1648లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ తన బావగారి చేత ఆ గొట్టాన్ని పుయ్ ద డోమ్ అనే కొండ మీదికి మోయించాడు. పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగింది. పైకెళితే మీద ఉన్న గాలి తగ్గుతుంది, పీడనం తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. సముద్ర మట్టం దగ్గర సుమారు ఎనిమిది మీటర్లు పైకెళితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ముప్పై అంతస్తుల భవనం లిఫ్టులో ఎక్కితే పది పదకొండు హెక్టోపాస్కల్స్ తగ్గిపోతాయి. చెవులు మూసుకుపోయినట్టు అనిపించేది అందుకే. వార్తల్లో చెప్పే మామూలు అల్పపీడనంలో తేడా ఇంతకంటే తక్కువే, చుట్టూ ఉన్న గాలికంటే కొద్ది హెక్టోపాస్కల్స్ మాత్రమే. మరి లిఫ్టు ఎక్కితే గాలివాన రాదు, అల్పపీడనం ఏర్పడితే ఎందుకొస్తుంది? పైకీ కిందకీ ఉన్న తేడాను గాలి బరువే సరిగ్గా తూచి ఉంచుతుంది, అందువల్ల గాలి ఎటూ పరుగెత్తదు. పక్కపక్కన ఒకే ఎత్తులో తేడా వస్తే దాన్ని తూచేది ఏదీ లేదు. ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి గాలి కదలడం మొదలవుతుంది. అందుకే వాతావరణ కేంద్రాలు కొండ మీద ఉన్నా మైదానంలో ఉన్నా, కొలిచిన పీడనాన్ని ముందు సముద్ర మట్టానికి సరిచేసి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టి చూస్తాయి.

కాబట్టి అల్పపీడనానికి ఫలానా అంకె అని ఏమీ లేదు. 1000 హెక్టోపాస్కల్స్ ఉందంటే అల్పపీడనమా కాదా అని ఎవరైనా అడిగితే, చుట్టుపక్కల ఎంత ఉందో చెప్పండి అనాలి. చుట్టూ 1006 ఉంటే అల్పపీడనం. చుట్టూ 996 ఉంటే అదే 1000 అధిక పీడనం.

గాలి ఆ తక్కువ ఉన్న చోటికి నేరుగా వెళ్లదు. భూమి తిరుగుతోంది కాబట్టి పక్కకు మళ్లుతుంది. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో, దక్షిణార్ధగోళంలో ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలెట్ దీన్ని నావికులకు ఉపయోగపడేలా చెప్పాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. ఫోన్‌లో ఏ యాప్ లేకుండా ఆరుబయట నిలబడి ఇప్పటికీ చూసుకోవచ్చు. నేలకు దగ్గరి గాలి చెట్లకూ కట్టడాలకూ తగిలి కొంచెం మళ్లుతుంది కాబట్టి, మేఘాలు కదిలే తీరు చూసి లెక్కపెడితే ఇంకా బాగా కుదురుతుంది.

చుట్టూ తిరుగుతూ లోపలికి చేరిన గాలికి అక్కడ దారి లేదు, పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. అందులోని తేమ మబ్బు అవుతుంది, వాన అవుతుంది. అల్పపీడనానికీ వానకూ ఉన్న చుట్టరికం ఇది. గాలిలో తేమ లేకపోతే అల్పపీడనం ఉన్నా చినుకు పడదు. వేసవిలో ఎండకు కాగిన ఎడారుల మీద బలమైన అల్పపీడనాలు ఏర్పడతాయి, ఆకాశంలో మాత్రం మబ్బు ఉండదు. 'అల్పపీడనం' అంటే 'వాన' అని అనువాదం చేసుకోవద్దని ఇందుకే చెబుతున్నాను.

వార్తల్లో వచ్చే మాటల వరుస కూడా తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే అవి గాలి వేగాన్ని బట్టి పెట్టిన మెట్లు. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల విషయంలో భారత వాతావరణ విభాగం లెక్క ఇది. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను. అక్కడి నుంచి తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను అంటూ పెరిగి, 222 చేరితే సూపర్ సైక్లోన్. వాయుగుండం అన్న మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి. నీళ్లు తిరిగితే సుడిగుండం, గాలి తిరిగితే వాయుగుండం. 'ద్రోణి' అని కూడా వింటుంటారు. అది గుండ్రంగా కాకుండా తొట్టెలాగా పొడవుగా సాగిన తక్కువ పీడనం. తిరిగే కేంద్రం లేకపోయినా దాని వెంబడి వానలు పడతాయి.

సముద్ర మట్టం దగ్గర ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ పీడనం 870 హెక్టోపాస్కల్స్, 1979 అక్టోబరు 12న పసిఫిక్‌లో టిప్ అనే టైఫూన్ మధ్యలో. మామూలు పీడనంలో అది పద్నాలుగు శాతం తరుగు. అంతే తరుగుకు అంత విధ్వంసం. ఇంకోటి చెబుతాను. మామూలు ప్రయాణికుల విమానం ఎగురుతున్నప్పుడు క్యాబిన్‌లో పీడనాన్ని సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉండే పీడనానికి తగ్గకుండా చూస్తారు. ఆ ఎత్తులో అది 750 చిల్లర హెక్టోపాస్కల్స్. అంటే సీట్లో కూర్చుని కునుకు తీస్తున్న ప్రయాణికుడి చుట్టూ, ప్రపంచంలో అతి బలమైన తుపాను కన్నులో ఉన్నంత కూడా పీడనం లేకపోవచ్చు. ఆయనకు ఏమీ కాదు, ఎందుకంటే క్యాబిన్ అంతటా ఒకటే పీడనం. మనుషుల్ని, ఇళ్లను, చెట్లను పడగొట్టేది తక్కువ పీడనం కాదు. పక్కపక్కన ఉన్న రెండు పీడనాల మధ్య తేడా.

ఈ 'తేడా' అన్న మాట పట్టుకుంటే మిగతా వాడుకలన్నీ సులువు. ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తున్నాను, సున్నా ఎక్కడుంది అన్నదానికి.

టైరుకు గాలి కొట్టే గేజ్ సున్నా చూపిస్తే టైరులో గాలి లేదని కాదు. బయట ఎంత పీడనం ఉందో లోపలా అంతే ఉందని అర్థం. అంటే ఒక బార్ ఉన్నట్టే. మామూలు గేజ్‌లన్నీ వాతావరణ పీడనాన్నే సున్నా అనుకుని, దానికి పైన ఎంత ఉందో చూపిస్తాయి. దాన్ని గేజ్ ప్రెషర్ అంటారు. నిజమైన శూన్యం నుంచి లెక్కపెడితే అది పరమ పీడనం. వాతావరణ వార్తలో చెప్పేది పరమ పీడనం. టైరు, గ్యాస్, నీళ్లు, రక్తపోటు అన్నీ గేజ్ లెక్క. రెండింటినీ కలిపేస్తే పెద్ద తప్పులు జరుగుతాయి.

మొదట్లో చెబుతానన్న సంగతి ఇదే. నేను పనిచేసిన ఒకచోట పెద్ద నిల్వ ట్యాంకుకు రంగులు వేస్తున్నారు. పైకప్పు మీద గాలి పోయే గొట్టం ఉంటుంది, వెంట్ అంటాం. అందులోకి రంగు పడకూడదని ఎవరో పాలిథిన్ షీటు చుట్టి తాడుతో కట్టారు. సాయంత్రం షిఫ్టులో ట్యాంకులోని ద్రవాన్ని పంపుతో బయటికి తోడటం మొదలుపెట్టారు. ద్రవం తగ్గుతోంది, ఆ ఖాళీలోకి గాలి రావడానికి దారి లేదు. ట్యాంకు గోడ పెద్ద చప్పుడుతో లోపలికి ముడుచుకుపోయింది. ఎవరో పిడికిలితో నొక్కిన డబ్బాలా ఉంది. ఆ పక్కన ఎవరూ లేరు కాబట్టి ప్రాణనష్టం జరగలేదు.

మర్నాడు నన్ను పిలిచి గేజ్ చెడిపోయిందేమో చూడమన్నారు. ఆపరేటర్ చెప్పింది ఒకటే: 'సార్, ముల్లు సున్నా మీదే ఉంది, ప్రెషర్ అసలు లేదు, లో ప్రెషర్‌లో ఏమవుతుందిలే అనుకున్నా.' గేజ్ విప్పి చూశాను, నిక్షేపంగా ఉంది. కానీ అది సున్నా నుంచి పైకి మాత్రమే చూపించే గేజ్. సున్నా కంటే కిందికి దిగితే ముల్లు ఆనుకోవడానికి ఒక చిన్న పిన్ను ఉంటుంది, ముల్లు దాని మీద పడుకుంది. లోపల బయటకంటే 50 మిల్లీబార్లు, అంటే బార్‌లో ఇరవయ్యో వంతు తగ్గినా ప్రతి చదరపు మీటరు గోడ మీదా బయటి గాలి అర టన్ను బరువుతో నొక్కుతుంది. అలాంటి ట్యాంకుల పలచటి గోడకు అంత కూడా అక్కర్లేదు. లోపలి ద్రవం బయటికి తోసే బరువును మోయడానికి వాటిని కడతారు, బయటి నుంచి నొక్కే గాలిని ఆపడానికి కాదు. అక్కడ బిగించాల్సింది కాంపౌండ్ గేజ్, సున్నాకు రెండు వైపులా చూపించేది. ఆ తర్వాత అన్ని ట్యాంకులకూ అదే పెట్టించాం. మీ మూడో ప్రశ్నకు నా జవాబు ఆ ట్యాంకు గోడే. లో-ప్రెషర్ అంటే బలం తక్కువ అని కాదు. బలం అవతలి వైపు ఉండవచ్చు.

గొట్టంతో నీళ్లు పీల్చి తాగేటప్పుడు జరిగేదీ ఇదే. మనం నీటిని లాగం. నోట్లో పీడనం తగ్గిస్తాం, బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఆ తోపుకు హద్దు సుమారు 10.3 మీటర్లు. లోతైన బావి పైన పెట్టిన సక్షన్ పంపు ఎంత పెద్దదైనా అంతకు మించి నీటిని పీల్చలేనిది అందుకే. అచ్చమైన శూన్యం చేసినా గాలి తోసేది అంతే.

ఇప్పుడు మీ రెగ్యులేటర్. వంటగ్యాస్ సిలిండర్ లోపల వేడిని బట్టి కొన్ని బార్ల ఒత్తిడి ఉంటుంది. లో-ప్రెషర్ రెగ్యులేటర్ దాన్ని సుమారు 30 మిల్లీబార్లకు దించి పొయ్యికి పంపుతుంది. దేశాన్ని, గ్యాస్ రకాన్ని బట్టి ఈ అంకె కొంచెం మారుతుంది. 30 మిల్లీబార్లు అంటే ఒక బార్‌లో వందకు మూడు వంతులు, ముప్పై సెంటీమీటర్ల నీటి మట్టం నొక్కేంత. ఇక్కడ 'లో' అనేది బలహీనత కాదు, కొలత. పొయ్యిలో ఉన్న సన్నటి రంధ్రం, గ్యాస్‌తో కలిసే గాలి, బర్నర్ చిల్లులు అన్నీ ఆ ఒత్తిడికే లెక్క కట్టి చేస్తారు. పెద్ద బర్నర్ల కోసం చేసిన హై-ప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి దీనికి తగిలిస్తే మంట బర్నర్ మీద నిలవకుండా ఎగిరిపోతుంది, గొట్టం, కీళ్లు తట్టుకోలేవు. ఒత్తిడి మరీ తగ్గినా మంచిది కాదు. గ్యాస్ వేగం తగ్గి చాలినంత గాలిని తనతో లాక్కోలేదు, మంట పసుపెక్కుతుంది, ఒక్కోసారి వెనక్కి తన్ని బర్నర్ లోపలే మండుతుంది. ఇక లీకైతే, తక్కువ ఒత్తిడితో నెమ్మదిగా లీకైన గ్యాస్ కూడా గది నిండాక అంటుకుంటే పేలుతుంది. కాబట్టి దయచేసి మీ పుస్తకంలో 'లో-ప్రెషర్ రెగ్యులేటర్' అని తెలుగు లిపిలో అలాగే రాయండి. షాపులో అడిగేదీ, వస్తువు మీద ఉండేదీ అదే మాట. పక్కనే 'హై-ప్రెషర్ రెగ్యులేటర్ వాడకూడదు' అన్న వాక్యం తప్పకుండా చేర్చండి. తెలుగుతనం కోసం 'అల్పపీడన నియంత్రకం' అని రాస్తే, సరిగ్గా భద్రత అవసరమైన చోటే చదివేవాడు ఆగిపోతాడు.

ఆవిరి సంగతి కూడా ఇలాంటిదే. అమెరికన్ బాయిలర్ కోడ్ ప్రకారం 15 పీఎస్‌ఐ, అంటే దాదాపు ఒక బార్ లోపు ఉంటే అది లో-ప్రెషర్ స్టీమ్ బాయిలర్. ఆ ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి సుమారు 121 డిగ్రీల సెల్సియస్. చేతికి తగిలితే చర్మం ఊడివస్తుంది. ఆసుపత్రుల్లో పరికరాల మీది సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడేది ఆ వేడే. అక్కడ 'లో' అనేది బాయిలర్ల మధ్య పోలిక, మన చర్మానికి దానితో సంబంధం లేదు.

నీళ్ల విషయంలో మామూలుగా జరిగే పొరపాటు వేరు. కుళాయి తిప్పితే ధార సన్నగా వస్తుంది, 'ప్రెషర్ రావట్లేదు' అంటాం. సగం సార్లు ప్రెషర్ బాగానే ఉంటుంది, దారి మూసుకుపోయి ఉంటుంది. పైన ట్యాంకు నుంచి వచ్చే నీటికి లెక్క సులువు, పది మీటర్ల ఎత్తుకు ఒక బార్. ట్యాంకు అడుగు నుంచి కుళాయి రెండు మీటర్ల కిందుంటే 0.2 బార్, అంతకు మించి రాదు. అందుకే పై అంతస్తువాళ్లకు ఎప్పుడూ లో-ప్రెషరే. కింది అంతస్తులో కూడా ఒకే కుళాయి సన్నగా వస్తుంటే దాని జాలీ విప్పి కడగండి. అన్నీ సన్నగా వస్తుంటే ప్రధాన వాల్వు చూడండి. గేజ్ ఉంటే అన్ని కుళాయిలూ కట్టేసి ఒకసారి, ఒకటి తెరిచి ఒకసారి చూడండి. కట్టేసినప్పుడు బాగుండి, తెరవగానే ముల్లు పడిపోతే పైపులో ఎక్కడో అడ్డం ఉంది. అప్పుడు కొత్త పంపు కొనడం దండగ. మీ పుస్తకంలో నీటి యంత్రం ఉంటే 'నీటి ఒత్తిడి తక్కువగా ఉంటే' అని రాయండి, చాలు.

రక్తపోటు దగ్గరికొస్తే మన వాడుకలో ఒక విచిత్రం ఉంది. 'ఆయనకు బీపీ ఉంది' అంటే ఎక్కువ ఉందనే అర్థం. తక్కువైతే మాత్రం 'లో బీపీ' అని విడిగా చెప్పాలి. బీపీ అందరికీ ఉంటుంది, లేకపోతే మనిషే ఉండడు. సాధారణంగా 90/60 కంటే తగ్గితే తక్కువ అంటారు. ఇదీ గేజ్ లెక్కే, వాతావరణ పీడనానికి పైన 90 మిల్లీమీటర్ల పాదరసం అన్నమాట. ఈ అంకె ఒక్కటే చూసి భయపడక్కర్లేదు. కొందరికి ఎప్పుడూ అంతే ఉంటుంది, హాయిగా తిరుగుతారు. చూడాల్సింది ఆ మనిషికి మామూలుగా ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది అని. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే వైద్యులు దాన్ని పట్టించుకుంటారు. లేవగానే కళ్లు తిరిగి పడిపోయేది పెద్దవాళ్లలో ఎక్కువ, ఎముకలు విరిగేదీ అలాగే. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే సొంత వైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించండి. రాతలో 'తక్కువ రక్తపోటు' లేదా 'లో బీపీ' బాగుంటాయి. 'అల్ప రక్తపీడనం' తప్పు కాదు గానీ రోగికి తన జబ్బు పేరు తనకే అర్థం కాకూడదు అనుకుంటే తప్ప అక్కర్లేదు.

టైరు హెచ్చరికకు 'గాలి తగ్గింది' అని రాయండి. మనం అనేది అదే. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ ముడుచుకుని విచ్చుకుంటుంది, లోపల వేడెక్కుతుంది, వేగంగా పోతున్నప్పుడు పగిలేది ఆ వేడికే. ఇసుకలో, బురద నేలలో కావాలనే గాలి తగ్గించి నడుపుతారు, టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా ఉంటుంది. అక్కడ లో-ప్రెషర్ లోపం కాదు, ఉపాయం.

దీపాల్లో కూడా అంతే. మనం ట్యూబ్‌లైట్ అని పిలిచే పాత గొట్టపు దీపం లో-ప్రెషర్ పాదరసపు దీపమే. లోపలి పీడనం వాతావరణంలో వందో వంతు కూడా ఉండదు. పగిలినప్పుడు 'టప్'మని చప్పుడు వచ్చేది బయటి గాలి లోపలికి దూసుకెళ్లడం వల్ల. లో-ప్రెషర్ సోడియం దీపాల కింద అంతా ఒకే పసుపు రంగులో కనబడేది, ఎరుపు, నీలం తేడా తెలిసేది కాదు. ఆ ఒక్క రంగును వడకట్టడం తేలిక కాబట్టి ఖగోళ పరిశోధనశాలలకు దగ్గరి వీధుల్లో వాటినే కోరుకునేవారు. విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి టర్బైన్ చివరి భాగాన్ని లో-ప్రెషర్ టర్బైన్ అంటారు. పేరు చూసి చిన్నదనుకుంటారు, నిజానికి అన్నిటికంటే పెద్ద రెక్కలు దానివే. ఒత్తిడి తగ్గిన ఆవిరి విపరీతంగా వ్యాకోచిస్తుంది, దాన్ని పట్టుకోవడానికి అంత రెక్కలు కావాలి.

మిగిలింది ఉద్యోగ ప్రకటన. ఇక్కడ గేజ్ లేదు, కొలత లేదు. 'లో-ప్రెషర్ వాతావరణం' అని ఎవరైనా తెలుగులో రాస్తే అది సముద్రం మీద ఏర్పడిన అల్పపీడనంలాగే వినిపిస్తుంది. 'టెన్షన్ లేని పని' అనండి, 'ఒత్తిడి తక్కువ' అనండి. అమ్మకాల విషయంలో లో-ప్రెషర్ అంటే కొనమని వెంటపడకుండా, చెప్పాల్సింది చెప్పి ఊరుకోవడం. 'బలవంతం చేయరు' అంటే సరిపోతుంది. పిల్లల పరీక్ష గురించి అయితే 'మార్కుల భయం లేని పరీక్ష' అనవచ్చు. అయితే ఇక్కడ కూడా మొదటి ప్రశ్న వదలొద్దు. దేనికంటే తక్కువ? గడువులు తక్కువా, పని గంటలు తక్కువా, పైవాళ్ల అరుపులు తక్కువా? ప్రకటనలో అది రాసి లేకపోతే, మీరు అనువాదం చేసేముందు ప్రకటన ఇచ్చినవాళ్లను అడగండి. వాళ్లు చెప్పిందే నేరుగా రాయండి, 'రాత్రి షిఫ్టులు లేవు' అనో, 'నెలవారీ టార్గెట్లు లేవు' అనో. చదివేవాడికి అప్పుడు 'లో-ప్రెషర్' అన్న మాటతో పనే ఉండదు.